116వ నంబరు కుర్రాడు

1966 ఆగస్టు 11న ‘గూఢచారి 116’ విడుదలయ్యేనాటికి దాని కథానాయకుడికి ఇరవై మూడేళ్లు. ఊరు తెనాలి దగ్గరి బుర్రిపాలెం. అంతకుముందు హీరోగా చేసినవి ‘తేనె మనసులు’, ‘కన్నె మనసులు’ మాత్రమే. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఏలుతున్న తెలుగు తెర మీద అతను ఎన్నాళ్లు నిలబడతాడో ఎవరికీ తెలియదు. అలాంటి కృష్ణ చేతికి ఒక తుపాకీ, ఒక నంబరు ఇచ్చి, దేశద్రోహుల ముఠా మీదికి పంపారు నిర్మాతలు సుందర్‌లాల్ నహతా, డూండీ. దర్శకుడు ఎం.మల్లికార్జునరావు. ఆ సినిమాతోనే కృష్ణకు ‘ఆంధ్రా జేమ్స్ బాండ్’ అన్న పేరు వచ్చింది.

అరవై ఏళ్ల నాటి ఆ నలుపు తెలుపు సినిమాను ఇవాళ అరకులో ఓ కుర్రాడు తన ఫోన్‌లో చూడొచ్చు. వాడి తాతల కాలంలో సినిమా చూడాలంటే ఘాట్ రోడ్డు దిగి శృంగవరపుకోట వైపు వెళ్లాల్సిందే. ఇప్పుడు సిగ్నల్ అందే ఊరైతే చాలు. మరి ఆ కుర్రాడికి ఈ సినిమాలో ఏం మిగిలి ఉంది? బాంబులు, కార్లు, రహస్య యంత్రాలు అంతకు వెయ్యి రెట్లు ఘనంగా చూసిన కళ్లకు పాత గూఢచారి సినిమా ఏమివ్వగలదు? ముఖ్యంగా హీరో కొత్తవాడైనప్పుడు ఆ సినిమాకు బలం వస్తుందా, లోటు పడుతుందా? తెలుగులోనూ బయటా ఈ బాపతు సినిమాల చరిత్రను వరసగా పెట్టి చూస్తే సమాధానం దొరుకుతుంది.

ముందు ఆ కథ ఎక్కడిదో చూడాలి. ఫ్రెంచి రచయిత జాన్ బ్రూస్ 1949లోనే ఓ.ఎస్.ఎస్.117 అనే గూఢచారిని సృష్టించాడు. ఇయాన్ ఫ్లెమింగ్ తొలి జేమ్స్ బాండ్ నవల వచ్చింది 1953లో. అంటే నంబరు పెట్టుకుని తిరిగే ఈ ఫ్రెంచి ఏజెంటు బాండ్ కంటే నాలుగేళ్లు పెద్ద. ఆంద్రే హునెబెల్ 1964లో తీసిన బ్యాంకాక్ నేపథ్యపు 117 సినిమా మన 116కు మూలం. తెలుగులో ఆడగానే అదే నిర్మాతలు 1967లో హిందీలో ‘ఫర్జ్’గా తీశారు. తెలుగు సినిమాకు కెమెరా పట్టిన రవికాంత్ నగాయిచ్ దానికి దర్శకుడయ్యాడు. ఎన్టీఆర్ ‘సీతారామ కల్యాణం’ (1961)లో ట్రిక్ ఫొటోగ్రఫీతో అబ్బురపరిచిన మనిషి ఆయనే. ‘ఫర్జ్’ హీరో జితేంద్ర అప్పటికి పరిశ్రమలో ఉన్నాడు గానీ స్టార్ కాలేదు. ఆ సినిమాతోనే అయ్యాడు. పారిస్ నుంచి మద్రాసుకు, మద్రాసు నుంచి బొంబాయికి మూడేళ్లలో ప్రయాణించిన ఈ కథ, మన దేశంలో దిగిన రెండు చోట్లా ఇంకా స్టార్ కాని ఒక కుర్రాణ్ని నిలబెట్టింది.

కృష్ణ ఎంపిక వెనకున్న సంగతి సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆదుర్తి సుబ్బారావు 1965లో అందరూ కొత్తవాళ్లతో ‘తేనె మనసులు’ తీశారు. కృష్ణను మార్చమని ఆయన మీద ఒత్తిడి వచ్చినా వినలేదు. ఆ సినిమా చివర్లో ఒక ఛేజ్ ఉంది. స్కూటర్ మీద కారును వెంటాడుతున్న కృష్ణ, స్కూటర్‌ను వదిలేసి కారు మీదికి దూకుతాడు. డూప్ లేడు. ఒళ్లు విరిగినా విరగొచ్చన్న లెక్క లేకుండా దూకిన దూకుడది. మిగతా సినిమా అంతా కుటుంబ కథే అయినా డూండీ కళ్లు ఆ ఒక్క దూకుడు దగ్గరే ఆగాయి. తన గూఢచారి దొరికాడని ఆయనకు అక్కడే తోచింది. నటన చూసి కాదు, భయం లేని ఒళ్లు చూసి ఎంచుకున్న హీరో అతను. సినిమా బాగోగులు రెండూ అక్కడి నుంచే వచ్చాయి.

ఇవాళ చూస్తే లోపాలు దాచుకునేవి కావు. పాటలు వచ్చి కథను ఆపేస్తాయి. హాస్యం విడిగా ఒక దారిలో నడుస్తుంది. కృష్ణకు నాట్యం ఒంటబట్టలేదని తెలిసిపోతుంది. కథానాయిక జయలలితకు అప్పటికి పద్దెనిమిదేళ్లు, తెలుగులో ఆమె కూడా కొత్తే. చలాకీతనం ఎంతున్నా ఆమె పాత్రకు పాటల బయట పని తక్కువ. కథలో శత్రువులు ఏ దేశం వాళ్లో, వాళ్లకు అసలేం కావాలో తేలదు. 1962 చైనా యుద్ధం, 1965 పాకిస్తాన్ యుద్ధం అయిపోయిన దేశంలో విదేశీ కుట్ర అంటే చాలు, ప్రేక్షకుడు మిగతాది తనే పూరించుకునేవాడు. ఇప్పటి ప్రేక్షకుడు అలా పూరించుకోడు.

అయినా సినిమా మొదట్లో ఒక సంగతి జరుగుతుంది. దాని కోసమైనా ఈ సినిమాను చూడాలి. 116 రంగంలోకి దిగేముందు ఏజెంట్ 303 అనే ఇంకొకడు ఉంటాడు. శత్రువుల గుట్టు పట్టబోయి ప్రాణం పోగొట్టుకుంటాడు. ఆ 303 శోభన్‌బాబు. అప్పటికి ఆయన కూడా చిన్నాచితకా వేషాలతో నెట్టుకొస్తున్న నటుడే. 1966 ప్రేక్షకుడి వైపు నుంచి చూస్తే, ఇంకా పేరు రాని ఒక నటుడు మొదట్లోనే చచ్చిపోయాడు, ఇంకా పేరు రాని మరో నటుడు అతని స్థానంలోకి వచ్చాడు. రెండోవాడు బతుకుతాడని నమ్మకం ఏముంది? అదే చోట ఎన్టీఆర్ ఉంటే టిక్కెట్టు కొన్నప్పుడే తెలిసిపోయేది, ఆయనకు ఏమీ కాదని. కృష్ణ విషయంలో ఆ హామీ లేదు. గూఢచారి కథకు కావాల్సిన ప్రాణభయం కొత్త ముఖం వల్ల దానంతటదే వచ్చింది. తర్వాత రోజుల్లో ఇద్దరూ పెద్ద హీరోలయ్యారు కాబట్టి ఇవాళ్టి చూపుకు ఆ సీను వేరేగా కనిపిస్తుంది. ఆ తెలిసినదాన్ని పక్కన పెట్టి చూడగలిగితే సినిమా పట్టు బాగా తెలుస్తుంది.

ఇది ఒక్క కృష్ణ కథ కాదు. ఫ్రాన్సులో 117 పాత్రకు తర్వాత తెచ్చుకున్న ఫ్రెడరిక్ స్టాఫర్డ్ అంతకుముందు నటుడే కాదు, వ్యాపారి. దర్శకుడు హునెబెల్ కంట పడి 1965లో హీరో అయిపోయాడు. నాలుగేళ్లకు హిచ్‌కాక్ సైతం ‘టోపాజ్’లో అతన్ని పెట్టుకున్నాడు. ‘ఫర్జ్’ తీసిన నగాయిచ్ 1979లో ‘సురక్షా’ తీసి మిథున్ చక్రవర్తిని గన్‌మాస్టర్ జి-9గా జనంలోకి తెచ్చాడు. తెలుగులో 1983లో కోడి రామకృష్ణ ‘గూఢచారి నెం.1’ తీసేనాటికి చిరంజీవి పైకి వస్తున్న నటుడు. ‘ఖైదీ’ ఇంకా రాలేదు, ఆ ఏడాది అక్టోబరులో వచ్చింది.

ఎదురు ఉదాహరణలూ చూడాలి. 1968లో తమిళంలో ‘రగసియ పోలీస్ 115’గా వచ్చింది ఎంజీఆర్. కథానాయిక జయలలితే. సినిమా సరదాగా సాగుతుంది. కానీ ఎంజీఆర్‌కు ఆపద వస్తుందని ఎవరూ అనుకోరు. జనం ఆయన విజయాన్ని చూడటానికి వెళ్తారు. నగాయిచ్ 1973లో ‘కీమత్’ తీసినప్పుడు 116 నంబరు ధర్మేంద్రకు ఇచ్చాడు. అదీ అంతే. కృష్ణ కూడా స్టారయ్యాక ‘జేమ్స్ బాండ్ 777’ (1971), ‘ఏజెంట్ గోపి’ (1978), ‘రహస్య గూఢచారి’ (1981) చేశారు. మూడింటికీ దర్శకుడు కె.ఎస్.ఆర్.దాస్. వేగం, ఫైట్లు, రంగులు అన్నీ పెరిగాయి. 1966 నాటి ఆ అనుమానం, ‘వీడు గట్టెక్కుతాడా’ అన్నది మాత్రం మళ్లీ రాలేదు.

అలాగని కొత్తదనం ఒక్కటే సరిపోదు. దీనికి జార్జ్ లాజెన్‌బీ కంటే మంచి రుజువు లేదు. అయిదు సినిమాల్లో బాండ్‌గా చేసిన షాన్ కానరీ తప్పుకుంటే, నటనానుభవం దాదాపు లేని ఆస్ట్రేలియా మోడల్‌ను తెచ్చి 1969లో ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’ తీశారు. దర్శకుడు పీటర్ హంట్. అప్పుడు అందరూ కానరీతో పోల్చి పెదవి విరిచారు. లాజెన్‌బీ కూడా ఆ ఒక్కదానితో ఆపేశాడు. కాలం గడిచేకొద్దీ ఆ సినిమా విలువ పెరిగింది. ఇవాళ బాండ్ సినిమాల్లో ఉత్తమమైనవి ఎంచమంటే చాలామంది దాన్ని ముందు వరసలో పెడతారు. అందులో బాండ్ ప్రేమిస్తాడు, పెళ్లి చేసుకుంటాడు, పెళ్లయిన కాసేపటికే భార్య తుపాకీ గుండుకు బలవుతుంది. కొత్త నటుడు కాబట్టి ఆ ముఖంలో దుఃఖం బట్టబయలుగా కనిపించింది. డయానా రిగ్ లాంటి గట్టి నటి ఎదురుగా ఉండటం, కథలో నిజమైన నష్టం ఉండటం అతన్ని నిలబెట్టాయి. కొత్తవాడికి కథ, తోటి నటులు అండగా నిలవాలి. ‘గూఢచారి 116’లో ఆ అండ ఇచ్చినవాళ్లు రాజనాల, ముక్కామల, రమణారెడ్డి.

ఆ బాండ్ సినిమాలో ప్రతినాయకుడి స్థావరం స్విట్జర్లాండ్‌లోని షిల్టార్న్ కొండ కొన మీద, దాదాపు 2,970 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ కడుతున్న రెస్టారెంట్ అప్పటికి పూర్తికాలేదు. సినిమా బృందమే డబ్బు పెట్టి లోపలి పనులు, హెలికాప్టర్ దిగే చోటు తయారు చేయించింది. షూటింగ్ అయ్యాక అవన్నీ ఆ కొండ వాళ్లకే మిగిలాయి. సినిమాలో పెట్టిన ‘పిజ్ గ్లోరియా’ అన్న పేరుతోనే ఆ రెస్టారెంట్ ఇప్పటికీ నడుస్తోంది.

సినిమా వచ్చి వెళ్లాక కొండవాళ్లకు ఏదో మిగిలిన ఈ సంగతి తూర్పు కనుమల పాఠకుడికి తగలాలి. గూఢచారి సినిమాలకు, యాక్షన్ సినిమాలకు కొండ అంటే దొంగల స్థావరం. దట్టమైన అడవి, గుహ, ఇరుకు దారి కనిపిస్తే అక్కడ విలన్ ఉంటాడు. అదే కొండ ఇక్కడి ఆదివాసీలైన భగతలకు, వాల్మీకులకు, కొండదొరలకు, కోదులకు, పోర్జాలకు ఇల్లు, పోడు, కాఫీ తోట, సంతకు వెళ్లే దారి. సినిమా ఈ ఆదివాసీలను థింసా ఆడించి పాటలో చూపిస్తుంది, కథలోకి రానివ్వదు. అరవై ఏళ్ల తెలుగు గూఢచారి సినిమాల్లో ఈ కొండల బిడ్డ కథానాయకుడైన సినిమా ప్రేక్షకుడికి గుర్తురాదు. మన్యం బాటలు, వాగులు, వాతావరణం పుట్టుక నుంచి తెలిసినవాడి కంటే వేగు పనికి తగినవాడు ఎవరుంటారు?

116గా వచ్చిన కృష్ణే ఎనిమిదేళ్లకు ఈ కొండల్లోకి వచ్చారు. ఆయన నూరో సినిమా ‘అల్లూరి సీతారామరాజు’ 1974 మే 1న విడుదలైంది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. చింతపల్లి అడవుల్లో షూటింగ్ సాగుతుండగా దర్శకుడు వి.రామచంద్రరావు అనారోగ్యంతో కన్నుమూశారు. మిగిలిన భాగాన్ని కృష్ణే పూర్తి చేశారు. పోరాట దృశ్యాలను కె.ఎస్.ఆర్.దాస్ చూసుకున్నారు. రెండు సినిమాలనూ వెంటవెంటనే చూస్తే నటుడి ఎదుగుదల కళ్లకు కడుతుంది. మొదటిదానిలో పాత్రను పరుగు, దూకుడు మోస్తే, రెండోదానిలో నిలకడ మోసింది. కళ్లు, గొంతు, నిలబడే తీరు అన్నీ మారిపోయాయి.

రెండు పాత్రలూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. గూఢచారి పేరు దాచుకుంటాడు, చెప్పకుండా వస్తాడు. అల్లూరి ముందే చెప్పి వచ్చాడు. ఫలానా ఠాణా మీదికి వస్తున్నామని మిరపకాయ టపా పంపి మరీ వచ్చేవారని మన్యం చెప్పుకుంటుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు వరసగా ఆయన దళం చేతిలో పడ్డాయి. గాం గంటందొర, గాం మల్లుదొర లాంటి మన్యం వీరులు ఆయన వెంట నడిచారు. 1924 మే 7న కొయ్యూరులో కాల్చి చంపేదాకా తెల్లదొరల ప్రభుత్వం ఆయన జాడ కోసం నానా పాట్లు పడింది. ‘గూఢచారి 116’లో ముగింపు తెలియదు కాబట్టి ఊపిరి బిగబట్టి చూస్తారు. ‘అల్లూరి’లో ముగింపు ముందే తెలుసు కాబట్టి గుండె బరువెక్కుతుంది. ఇవి రెండూ చేయగలిగాడు కాబట్టే ఆ కుర్రాడు కృష్ణ అయ్యాడు.

ఆ తర్వాత కాలంలో వేగు అన్న పని ఈ కొండల్లో వినోదంగా మిగల్లేదు. పోలీసులకు, మావోయిస్టులకు మధ్య నలిగిన ఏజెన్సీ గూడేల్లో ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పడితే ప్రాణం పోయిన రోజులున్నాయి. 2018 సెప్టెంబర్ 23న డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపారు. అదే ఏడాది ఆగస్టు 3న అడివి శేష్ ‘గూఢచారి’ విడుదలై జనం మెప్పు పొందింది. కొండ కింద విశాఖలోనూ నిజమైన గూఢచర్యం తెర మీద కనిపించేలా లేదు. 2019 డిసెంబరులో ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరిట ఏడుగురు నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేశారు. పాకిస్తాన్ వైపు నుంచి ఫేస్‌బుక్‌లో ఆడపేర్లతో స్నేహం కలిపి ఓడల కదలికలు రాబట్టారన్నది అభియోగం. అందులో తుపాకీ పేలలేదు, కారు పల్టీ కొట్టలేదు. ఈ వాస్తవాలు తెలిసిన ప్రేక్షకుడికి గూఢచారి సినిమా అంటే ఒక ఆట అని తెలుసు. ఆట నిజాయితీగా ఆడితే అతను ఆనందంగానే చూస్తాడు.

2018 ‘గూఢచారి’ ఆ ఆటను నిజాయితీగా ఆడింది. దర్శకుడు శశికిరణ్ తిక్కాకు అదే తొలి సినిమా. కథానాయిక శోభిత ధూళిపాళకు తొలి తెలుగు సినిమా. తెనాలిలో పుట్టి విశాఖలో పెరిగిన అమ్మాయి ఆమె. అడివి శేష్ పూర్తిగా కొత్తవాడు కాకపోయినా అభిమాన సంఘాల బలమున్న స్టార్ కాదు. కథా తనే రాసుకున్నాడు. కథానాయకుడి పేరు గోపీ, కృష్ణ పాత్ర పేరూ అదే. దేశం కోసం ప్రాణమిచ్చాడని నమ్మిన తండ్రి మీద కొడుకు పెంచుకున్న ఆరాధన ఆ సినిమాకు వెన్నెముక. కాబట్టే యాక్షన్‌కు అర్థం వచ్చింది. అయిదేళ్లకు, 2023 ఏప్రిల్‌లో వచ్చిన అఖిల్ ‘ఏజెంట్’కు పెద్ద దర్శకుడు సురేందర్ రెడ్డి, పక్కన మమ్ముట్టి, భారీ ఖర్చు అన్నీ ఉన్నా జనం తిప్పికొట్టారు. అంతకుముందు 2017లో కృష్ణ కొడుకు మహేశ్‌బాబు చేసిన ‘స్పైడర్’దీ దాదాపు అదే కథ. డబ్బు, పేరు కొనలేనిది ఒకటుంది. తెర మీద మనిషికి నిజంగా ఏమైనా అవుతుందేమోనన్న బెంగ అది.

కొండ ఊళ్లలో యాక్షన్ సినిమాకు మరో బలమూ ఉంది. ఇక్కడ చాలా ఇళ్లలో మాట కువి, కుపియా, ఆదివాసీ ఒడియా. తెలుగు బడిలోనో సంతలోనో అబ్బిన భాష. పొడవాటి సంభాషణలతో నడిచే సినిమా కంటే ఒంటితో కథ చెప్పే సినిమా ఇలాంటి చోట సూటిగా చేరుతుంది. పరుగు, దెబ్బ, తప్పించుకోవడం ఏ భాషలోనైనా ఒకటే. 1966 నాటి కృష్ణ బలం అదే కాబట్టి, ఇన్నేళ్ల తర్వాతా ఆ సినిమాలో పాతబడనిది అదే.

ఇదంతా చూశాక తేలేది ఇది. కొత్త హీరో గూఢచారి సినిమాకు లోటు కాదు, పెట్టుబడి. అయితే అది ఒక్కసారే ఖర్చు పెట్టగల పెట్టుబడి. ఆ నటుడు స్టారైన మరుక్షణం అది అయిపోతుంది, అప్పటి నుంచి కథే బరువు మోయాలి. ‘గూఢచారి 116’ గొప్ప సినిమా కాదు. ఒక నటుడు పుట్టిన సినిమా. తెలుగు తెరకు వేగాన్ని, ఒళ్లు దాచుకోని యాక్షన్‌ను అలవాటు చేసిన సినిమా. పాటల దగ్గర ఓపిక పట్టగలిగితే ఇప్పటికీ చూడదగ్గదే. ముందు ‘తేనె మనసులు’ చివరి ఛేజ్, తర్వాత ‘116’, ఆపైన ‘అల్లూరి’, ఈ వరసలో చూస్తే ఇంకా మేలు.

కృష్ణ 2022 నవంబర్ 15న కన్నుమూశారు. మరుసటి ఏడాది మే 31న, ఆయన పుట్టినరోజుకు, ఆయన సినిమా ‘మోసగాళ్లకు మోసగాడు’ను 4కె హంగులతో మళ్లీ థియేటర్లకు తెచ్చారు. ఆ గౌరవం ‘గూఢచారి 116’కూ దక్కాలి. హక్కులున్నవాళ్లు దాన్ని శుభ్రం చేయించి విడుదల చేయాలి. చేసినప్పుడు హైదరాబాదు, విజయవాడలతో ఆగిపోకుండా పాడేరు, అరకు, చింతపల్లి సంతల్లో తెర కట్టి ఒక్క ఆటైనా వేయాలి. ఈ కొండల్లో షూటింగులకు వస్తున్న దర్శకులు తమ తర్వాతి గూఢచారి కోసం కొత్త ముఖాన్ని వెతికేటప్పుడు, కెమెరా వెనక గుమిగూడి చూస్తున్న ఇక్కడి కుర్రాళ్ల వైపు కూడా చూడాలి.